మరక పడని పళ్ళు

ఆర్.కె.పేట నుంచి తిరుత్తణి పోయే బస్సులో వనజాక్షి నవ్విందంటే ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. అందగత్తె అని కాదు. చామనచాయ కంటే ఇంకాస్త నలుపు, పొట్టి మనిషి, చెరకు ఆకు కోసుకుని చేతుల నిండా గీతలు. కానీ ఆ పళ్ళు చూస్తే మాత్రం చూపు తిప్పుకోవడం కష్టం. యాభై దాటినా ఒక్కటి కదల్లేదు, ఒక్కదాని మీద గార లేదు. కడిగి ఆరబెట్టిన బియ్యంలా ఉండేవి. పక్కన కూర్చున్న ఆమె మొగుడు సుందరరాజులు జనం చూపులు గమనించి మీసం సవరించుకునేవాడు. ఆ పళ్ళు తన పొలంలో పండినంత గొప్ప ఆయనకు.

ఆ గొప్పే ఆయన కళ్ళు కప్పింది. ఆ తెల్లటి పళ్ళ వెనక, ఎడమ దవడలో, కూతురు తనుశ్రీ పుట్టిన ఏడాది నుంచీ పొగాకు ఉంది. ఆ సంగతి ఊళ్ళో ఒక్క మనిషికే తెలుసు, కూలిపనికి వచ్చే చెంగమ్మకు. పొలం గట్టు మీద ఒకసారి, మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు పెరట్లో ఒకసారి, చెంగమ్మ తన నడుముకు దోపుకున్న సంచిలోంచి ఇంత ముక్క తీసి ఇచ్చేది. వనజాక్షి దవడన పెట్టుకునేది. తర్వాత పళ్ళు తోముకునేది. ఈ మనిషి నోట్లోకి పొగాకు ఏనాడూ పోలేదని ఆ పళ్ళే సాక్ష్యం చెప్పేంతగా తోముకునేది. సుందరరాజులు ఆ సాక్ష్యాన్ని నమ్మాడు. మోసపోయాడు అనవచ్చు. మోసం చేసింది వనజాక్షి అనడానికి మాత్రం నోరు రాదు. ఎందుకు రాదో తెలియాలంటే ఆయన తల్లి దగ్గర మొదలుపెట్టాలి.

ఆ తల్లి ఆకు, వక్క, పొగాకు మూడూ కలిపి నమిలే మనిషి. ఆ కాలంలో ఇంటికి పెద్దావిడ అంటే నడుమున సంచీ, నోట్లో ఎరుపూ ఉండాల్సిందే, ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కారు. ఆమె పళ్ళు ముందు ఇటుక రంగు తిరిగాయి, తర్వాత నల్లబడ్డాయి, ఆ తర్వాత బుగ్గలో పుండు లేచి బయటి దాకా వచ్చింది. అప్పటికి పెళ్ళికాని సుందరరాజులే ఆ పుండు కడిగాడు, ఈగలు తోలాడు. అమ్మకు నీళ్ళు తాగిస్తే ఆ నీళ్ళు బుగ్గలోంచి కారి జాకెట్టు తడవడం చూశాడు. అది చూసిన కొడుక్కి పొగాకు మీద పగ పుట్టడంలో వింతేముంది! ఆ పగను తీసుకుపోయి పళ్ళ రంగుకు ముడివేయడమే ఆయన చేసిన పని.

పెళ్ళయిన కొత్తలో ఆడి కృత్తికకు, అంటే ఆషాఢం వేళ కొండ మీద జరిగే కావళ్ళ పండక్కి, తిరుత్తణి కొండెక్కారు ఇద్దరూ. కావళ్ళ మోత, జనం తొక్కిడి, చెమటా విబూదీ కలిసిన వాసన. దర్శనం అయ్యాక ఒక మూల కర్పూరం వెలిగించి, దాని మీద చెయ్యి చాపమన్నాడు. వనజాక్షి ఆయనకు సొంత మేనమామ కూతురు. ఆ పుండుతో పోయిన మనిషి ఆమెకు మేనత్త, చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ వేసిన మనిషి. కన్నీళ్ళతోనే చెయ్యి చాపింది.

"నీ పళ్ళు ఎప్పుటికీ ఇట్లే తెల్లగుండల్ల వనజా. దాంట్లో మరక కనపడిన దినం నేను లేననుకో," అన్నాడు.

"సరి బావా," అంది.

అంతే మాట. పొగాకు అన్న పేరు కూడా ఆయన ఎత్తలేదు. ఆ పేరు నోటితో పలకడమే ఆయనకు గిట్టదు. బజారులో ఆ అంగడి వస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచే మనిషి.

తర్వాత జరిగినదంతా చాలా ఏళ్ళకు చెంగమ్మ ఏడుస్తూ చెప్తేనే సుందరరాజులుకు తెలిసింది. తనుశ్రీ ఒళ్ళో పాపగా ఉన్నప్పుడు వనజాక్షికి దవడ పన్ను పోటెత్తింది. సుందరరాజులు చెరకు ట్రాక్టరుతో మిల్లు ముందు వరసలో నిలబడిపోయాడు, ఇంటికి రాలేదు. పచ్చి బాలింత, బస్సెక్కి తిరుత్తణి పోయే ఓపిక లేదు. చెంప పట్టుకుని గోడకు తల కొట్టుకుంటూ ఉంటే చెంగమ్మ చూడలేకపోయింది.

"ఇంత ముక్క ఆ పంటి పక్కన పెట్టుకో అక్కా. నొప్పి యాడికో పోతాది."

"వొద్దు చెంగమ్మా. బావకు తెలిస్తే ఇంగేమన్నా ఉందా?"

"అయ్యకు ఎవురు చెప్తారు? నొప్పి పోయినాక ఊసేసేయ్."

నొప్పి పోయింది. వనజాక్షి ఊసేసింది కూడా. మర్నాడు మళ్ళీ పోటు, మళ్ళీ ముక్క. ఆ పన్ను కొన్నాళ్ళకు ఊరుకుంది, నోరు మాత్రం ఊరుకోలేదు. చెంగమ్మ చెడ్డది కాదు. తనకు తెలిసిన మందు తాను ఇచ్చింది, ఆ మందే తనూ వాడేది.

పళ్ళ సందున గోధుమ రంగు గీత అద్దంలో మొదటిసారి చూసుకున్నప్పుడు వనజాక్షి అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. మరక కనపడితే బావ ఉండడు. కొండ మీద, కర్పూరం ముందు పడిన మాట అది. మానాలని చూసింది. మానిన పూట తల పగిలిపోయేది, ఊరికే పాపను కసురుకునేది, ఏ పనీ చేతికి వచ్చేది కాదు. మానలేకపోయింది. సరే, మరక మాత్రం పడనివ్వకూడదు అనుకుంది. మొగుడి ప్రాణం తన పళ్ళ మీద ఉందని నమ్మిన ఆడది పళ్ళు తోముకుంటే ఎట్లా తోముకుంటుంది? అట్లా తోముకుంది.

అందుకోసం ఆమె చేసుకున్న పళ్ళపొడి ఊరంతా పేరు తెచ్చుకుంది. రైసుమిల్లు నుంచి వడ్ల ఊక తెప్పించి, పెరట్లో కుప్ప పోసి, నడుమ నిప్పు పెట్టేది. మంట లేవకూడదు, పొగ మీదే కాలాలి. ఊక నల్లబడుతూ ఉంటే కట్టెతో తిరగేస్తూ ఆ పొగలోనే కూర్చునేది. ఏమరుపాటున తెల్లబడే దాకా ఉంచితే ఒట్టి బూడిద, గిన్నెలకు తప్ప దేనికీ పనికిరాదు. నల్లగా ఉండగానే నీళ్ళు చిలకరించి ఆర్పి, ఎండబెట్టి, దంచి, పాత పంచె గుడ్డలో జల్లించి, కల్లుప్పూ లవంగమూ తుమ్మచెక్క పొడీ కలిపేది. పిండేసిన నిమ్మ తొక్కలు కూడా పారవేసేది కాదు. వాటి లోపలి వైపుతో పళ్ళ సందులు రుద్దుకునేది.

ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళిచూపులన్నా ముందు ఆడపిల్లలు ఆమె గుమ్మంలోకి వచ్చేవాళ్ళు.

"అత్తా, రవంత పళ్ళపొడి ఈయవా."

"తీసుకో పాపా. గట్టిగా రుద్దొద్దు, పన్ను అరిగిపోతాది. వేలితో మెల్లగా తోము. కాఫీ తాగినాక నీళ్ళతో నోరు పుక్కిలించు. మరక పడినాక తీసేదానికంటే పడనీకుండా చూసుకొనేదే మేలు."

అందరికీ అంత చక్కగా చెప్పేది. తాను మాత్రం గట్టిగానే రుద్దుకునేది. తలుపు వేసుకుని, కొళాయి తిప్పి, నోరంతా నల్లగా చేసుకుని, నురగలో ఎర్ర చార కనపడే దాకా. అరిగి అరిగి ఆ పళ్ళు చల్లనీళ్ళు ఓర్చుకోలేని స్థితికి వచ్చాయి. వేసవిలో కూడా గోరువెచ్చటి నీళ్ళే తాగేది. ఆమెది వేడి శరీరం కాదులే అనుకున్నాడు సుందరరాజులు, పాపం.

ప్రతి ఏడూ ఆడి కృత్తికకు కొండెక్కడం వాళ్ళకు తప్పనిసరి. దర్శనం అయ్యాక ఆ మూలకే వచ్చి నిలబడి, "ఏదీ, నవ్వు," అనేవాడు ఆయన. ఆమె పళ్ళన్నీ కనపడేట్టు నవ్వేది. "నా రాణీ," అనేవాడు. ఆయనకు అది సరసం. కొత్త పెళ్ళినాటి ముచ్చట ఇంకా మిగిలి ఉందన్న మురిపెం. ఆమెకు మాత్రం అది పరీక్ష. ఆ ముందు రోజంతా ముక్క ముట్టకుండా, తోమిందే తోమి కొండెక్కేది. నవ్వు చూసి ఆయన తల ఆడించాక గానీ ఊపిరి తీసుకునేది కాదు. ఇన్నేళ్ళూ ఒకే చోట నిలబడి ఒకరు మురిసిపోయారు, ఒకరు భయపడిపోయారు. ఆ సంగతి వాళ్ళకే తెలియలేదు.

కొన్నేళ్ళుగా ఆ నవ్వు చిన్నదవుతూ వచ్చింది. ఊరగాయ ముద్ద లేనిదే అన్నం దిగని మనిషి, నోరు మండుతుందని కారం మానేసింది. మజ్జిగన్నం పిసికి చంటిబిడ్డలా చిన్న చిన్న ముద్దలు తినేది. ఆవులింత వస్తే చెంప పట్టుకునేది. సుందరరాజులు ఇవన్నీ చూశాడు. చూడలేదని అనడానికి లేదు. వయసు మీద పడుతోంది గదా అనుకున్నాడు.

బుగ్గ లోపల పుండు లేచిందని ఆమె చెప్పిన రోజే ఆయన స్కూటర్ తీశాడు. తిరుత్తణిలో పళ్ళ డాక్టరు, కొత్తగా వచ్చిన అమ్మాయి, లైటు వేసి చూసింది. నోరు ఇంకా తెరవమంది. తెరవలేకపోయింది వనజాక్షి.

"వెత్తిలై, పుగైయిలై ఏదావదు పోడువీంగళా?" అని తమిళంలో అడిగింది. తమలపాకు, పొగాకు ఏదైనా వేసుకుంటారా అని.

నోట్లో అద్దం ఉన్న వనజాక్షి ఏమీ అనకముందే సుందరరాజులు అందుకున్నాడు. "మా ఇంట్లో దాని వాసన కూడా రాదు డాక్టరమ్మా. ఆ పళ్ళు చూడండి, మీకే తెలుస్తాది."

డాక్టరమ్మ చూసింది. ఈ వయసులో ఇలాంటి పళ్ళు చూడలేదంది. వెనక పన్ను ఒకటి అరిగి అంచు పదునెక్కింది, అది గీసుకుంటుందేమో అని దాన్ని నున్నగా చేసి, పూత మందు రాసిచ్చింది. రెండు వారాల్లో మానకపోతే తప్పకుండా మళ్ళీ రావాలి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి అని గట్టిగానే చెప్పింది. వనజాక్షి కళ్ళు అంతసేపూ మొగుడి మొహం మీదే ఉన్నాయి. ఆ గర్వం నిండిన మొహం చూస్తూ ఆమె ఒక్క మాట లోపలే మింగేసింది. ఆ ఒక్క మాట అప్పుడు బయటపడి ఉంటే!

రెండు వారాలయ్యాక, "మానిపోయింది బావా, మళ్ళా పోయే పన్లేదు," అంది.

"ఏదీ, నవ్వు."

నవ్వింది. ముందు పళ్ళు తెల్లగా మెరిశాయి. బుగ్గ లోపల ఏముందో ఎవరు చూస్తారు? ఆయన తృప్తిగా పొలానికి వెళ్ళిపోయాడు.

తై మాసం, సంక్రాంతి నెల, వచ్చేసరికి ఆమె గంజి తప్ప మింగలేకపోయింది. దవడ కింద గడ్డ చేతికి తగిలింది. తిరువళ్ళూరులో ఉద్యోగం చేసుకుంటున్న తనుశ్రీ శని, ఆదివారాలకు వచ్చి, అమ్మ గ్లాసు పెదవికి ఆనించుకోలేక చెంచాతో గంజి తాగడం చూసి, ఇంక ఎవరి మాటా వినకుండా చెన్నైలో పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడి డాక్టరు వయసు మళ్ళినవాడు. నోరు చూసి, మెడ తడిమి, అదే ప్రశ్న అడిగాడు. సుందరరాజులు యథాప్రకారం, "మా ఇంట్లో ఆ అలవాటే..." అని మొదలుపెట్టాడు. వనజాక్షి ఆయన మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

"ఉంది," అంది డాక్టరుతో.

"ఎన్నాళ్ళుగా?"

ఆమె తనుశ్రీ వైపు చెయ్యి చూపించింది. "ఈ పాప పుట్టినప్పుట్నుంచి."

డాక్టరు ఏవో పరీక్షలు చెప్పాడు, తనుశ్రీ తల ఊపింది, ఎవరో వాళ్ళను బయటి వరండాలోకి పంపారు. బెంచీ మీద కూర్చున్నాక గానీ సుందరరాజులుకు కోపం రాలేదు. వచ్చినప్పుడు మాత్రం లేచి నిలబడిపోయాడు. అమ్మ బుగ్గ కళ్ళముందు కదిలింది. అరిచేవాడే, చుట్టూ జనం ఉన్నారని గొంతు తగ్గించుకున్నాడు.

"ఎందుకు చెప్పలే వనజా? అంత పుండు పెట్టుకోని నాకెందుకు చెప్పలే?"

మాట ముద్దగా వస్తోంది ఆమెకు. పలుకు పలుకూ కూడగట్టుకుని చెప్పింది. "మరక కనపడిన దినం నేను లేననుకో అంటివి గదా బావా. నువ్వుండల్ల గదా. అందుకే కనపడనీకుండా చూసుకొంటి."

ఆయన కోపం అక్కడికక్కడే చచ్చిపోయింది. కొండ మీద ప్రతి ఏడూ తాను అడిగిన నవ్వులన్నీ గుర్తొచ్చాయి. ఆ ఒట్టు తాను వేయించి ఉండకపోతే, మొదటి మరక పడిన రోజే తన కంట పడేది. తిట్టేవాడు, కొట్టేవాడేమో కూడా, అయినా మాన్పించేవాడు, ఆసుపత్రికి తీసుకొచ్చేవాడు. తన భయమే ఆమెకు నోరు లేకుండా చేసింది. ఇద్దరు ఆడవాళ్ళను అదే రోగానికి ఇచ్చుకున్నాడు తాను. ఒకరికి ఊడిగం చేసి, ఇంకొకరికి కాపలా కాసి. ఆయన తువ్వాలు మొహాన కప్పుకుని, ఆసుపత్రి వరండాలో, జనం చూస్తుండగానే ఏడ్చాడు. ఆమే ఆయన వీపు రాస్తూ కూర్చుంది.

ఆపరేషన్‌లో ఎడమ దవడ తీసేశారు, దాంతోపాటు ఆ పక్క పళ్ళు కూడా. ఇంటికి వచ్చాక ఆమె నోరు శుభ్రం చేసే పని సుందరరాజులు ఎవరికీ ఇవ్వలేదు. పళ్ళపొడి ముట్టకూడదన్నారు. ఉప్పునీళ్ళలో దూది తడిపి, మిగిలిన పళ్ళను ఒక్కొక్కటే తుడిచేవాడు. ఆ వేళ్ళు తల్లి పుండు కడిగిన వేళ్ళే, పని మరిచిపోలేదు. తుడవడం అయ్యాక ఆమె చూపుడు వేలు పళ్ళ మీద పెట్టుకుని కనుబొమలు ఎగరేసేది. ఎట్లా ఉన్నాయి అని.

"తెల్లగనే ఉండాయి మే. మల్లెమొగ్గల మాదిరి ఉండాయి," అనేవాడు.

అప్పటికి ఆ పళ్ళు పచ్చబడ్డాయి, మందులకు రంగు మారాయి. ఆ ఇంట్లో పళ్ళ గురించి అబద్ధం చెప్పడం అప్పుడు ఆయన వంతు అయింది. వనజాక్షి నమ్మినట్టే తల ఆడించేది. ఆడి రాకముందే పోయింది.

పదహారో నాడు బంధువులంతా వచ్చారు. పోయినవాళ్ళ పటం ముందు అరిటాకు పరిచి, వాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డించడం ఆ పక్క పద్ధతి. హారతి ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి, అందరూ బయటికి వచ్చేస్తారు. మనుషులు చూస్తుంటే పోయినవాళ్ళు రారు, ఎవరూ లేనప్పుడు వచ్చి తింటారని నమ్మకం. తనుశ్రీ తన పెళ్ళిలో తీసిన ఫోటో పెట్టింది. పళ్ళన్నీ కనపడేట్టు నవ్వుతున్న ఫోటో. మురుకులూ, గుమ్మడికాయ కూరా, ఊరగాయా, కాఫీ గ్లాసూ అన్నీ సర్దింది. అమ్మ చేతి పళ్ళపొడి డబ్బా ఒకటి మిగిలి ఉంటే అదీ తెచ్చి పక్కన పెట్టింది.

అప్పటికే సుందరరాజులు పెరట్లోకి వెళ్ళాడు. వనజాక్షి పోయిన నాడే ఏడుస్తూ అంతా చెప్పేసి, మళ్ళీ ఇంట్లో అడుగుపెట్టని చెంగమ్మ పశువుల కొట్టం దగ్గర కూర్చుని ఉంది. ఆయనను చూసి లేచి కాళ్ళ మీద పడబోయింది.

"నేనే చంపేసినాను సామీ అక్కను. నా చేతులతో ఇచ్చినాను."

"లెయ్యి చెంగమ్మా. ఆమె వేసుకొనేది ఏ రకం, అది చెప్పు చాలు."

"నేను కూడా ఇడిచేసినాను సామీ. సంచి పారేసినాను."

"ఏ రకమో చెప్పు."

చెప్పింది. ఆయన స్కూటర్ తీసుకుని ఆర్.కె.పేట పోయాడు. ఎప్పుడూ రోడ్డు దాటి తప్పించుకునే ఆ అంగడి ముందే బండి ఆపి, ఆ రకం పేరు చెప్పి, "పొగాకు ఈ," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలు. అంగడివాడు ఆయన మొహం చూసి పొట్లం కట్టి ఇచ్చాడు.

ఆకులో, కాఫీ గ్లాసు పక్కన ఆయన ఆ పొట్లం విప్పి పెట్టాడు. ఆయన పెదనాన్న కొడుకు దామోదరం, ఇంటికి పెద్దవాడు, ఒక అడుగు ముందుకు వచ్చాడు.

"ఏందిరా ఇది? నీ పెండ్లాన్ని మింగిందాన్ని తెచ్చి ఆకులో పెడతావా? బుద్ధుందా నీకు?"

"ఆమెకు ఇష్టమైనవి పెట్టల్ల అంటిరి గదన్నా. ఆమెకు ఇదే ఇష్టం. ఇన్నేండ్లూ నాకు భయపడి దొంగతనంగా తినింది. నాకు తెలిసినాక ఒక్క దినం కూడా తినలే."

దామోదరం వెనక్కి తగ్గాడు. తనుశ్రీ పైటకొంగు నోట్లో కుక్కుకుంది. సుందరరాజులు వంగి, పక్కనున్న పళ్ళపొడి డబ్బా తీసి కూతురి చేతికి ఇచ్చేశాడు. "ఇది వొద్దమ్మా," అన్నాడు. హారతి ఇచ్చి, అందరినీ బయటికి పంపి, తలుపు తానే వేశాడు.

బయట మామిడి చెట్టు నీడన జనం నిలబడ్డారు. మామూలుగా కొంచెంసేపే ఉంచుతారు, తర్వాత తలుపు తీసి భోజనాలకు కూర్చుంటారు. ఆ కొంచెంసేపూ అయింది. పిల్లలు ఆకలని గొణుగుతున్నారు. దామోదరం తలుపు తీయబోయాడు. సుందరరాజులు ఆ తలుపుకు వీపు ఆనించి గడప మీద కూర్చుండిపోయాడు.

"ఉండన్నా, తొందరపడొద్దు," అన్నాడు. కన్నీళ్ళు మీసం మీదకు కారుతున్నా తుడుచుకోలేదు. "ఈ పూట ఆమెకు పళ్ళు తోముకొనే పని లేదు. నిదానంగా తిననీ."